పొద్దుగూకడం తెలిసిన దీపం

సాయంత్రం హైదరాబాద్ చిల్కానగర్‌లో డాబా ఎక్కేటప్పుడు నా చేతిలో మల్టీమీటర్ ఉంటుంది. దాని వైర్ల చివర ఎల్‌డీఆర్ అనే కందిగింజంత వెలుతురు సెన్సర్. దాని ముఖం మీద మెలికలు తిరిగిన సన్నటి గీత కాడ్మియం సల్ఫైడ్. వెలుతురు పడితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, చీకటి పడితే పెరుగుతుంది. ఎండలో వందల ఓమ్‌లు చూపించే మీటర్, ఆకాశం మసకబారేసరికి వేలల్లోకి ఎక్కుతుంది. పూర్తిగా చీకటయ్యాక లక్షలు దాటుతుంది. మన కన్ను చీకటికి మెల్లగా అలవాటు పడిపోతుంది కాబట్టి, వెలుతురు ఎంత వేగంగా పడిపోతుందో ఆ అంకెలు చూసేదాకా మనకు తెలియదు.

పొద్దుగూకగానే గేటు దీపం దానంతటదే వెలగడానికి ఈ ఎల్‌డీఆర్ ఎందుకు, టైమర్ చాలదా అని చాలామంది అడుగుతారు. హైదరాబాద్‌లో నవంబరు చివర 5.40 ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తే, జూలై మొదట్లో 6.50 దాటుతుంది. గంటకు పైగా తేడా. ఇక ముసురు పట్టిన రోజున చీకటి గడియారం మాట వినదు.

మన తూర్పు హైదరాబాద్‌కు ఎలక్ట్రానిక్స్ కొత్త కాదు. అణు శాస్త్రవేత్త ఏఎస్ రావు గారి సారథ్యంలో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఇటువైపే 1967లో మొదలైంది. ఆయన పేరు మీద ఏఎస్ రావు నగర్ వెలిసింది. నేను చెప్పేది మాత్రం ఇంట్లో బల్ల మీద చేసుకునే పని. కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే దానికి కావలసిన సామానంతా దొరుకుతుంది.

దీపాన్ని నడిపేది ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు. అది రెసిస్టెన్స్‌ను నేరుగా చదవలేదు, వోల్టేజీనే చదవగలదు. అందుకని 5 వోల్టుల నుంచి ఎల్‌డీఆర్, దాని కింద మామూలు రెసిస్టర్, ఆ తర్వాత గ్రౌండ్. రెండూ కలిసే చోటు నుంచి అనలాగ్ పిన్‌కి వైరు. ఆ రెసిస్టర్ ఎంత ఉండాలి? పుస్తకంలో 10 కిలో ఓమ్‌లు అని ఉంటుంది, అందరూ అదే పెడతారు. నా మాట వింటే, దీపం ఏ మసకలో వెలగాలో ఆ నిమిషంలో డాబా మీద నిలబడి ఎల్‌డీఆర్‌ను కొలవండి. 22 కిలో ఓమ్‌లు చూపిస్తే 22 కిలో ఓమ్‌లదే పెట్టండి. రెండూ సమానంగా ఉన్నప్పుడు పిన్ దగ్గర సరిగ్గా 2.5 వోల్టులు, అంటే 1023లో 512 దగ్గర రీడింగ్ వస్తుంది. వెలుతురులో చిన్న మార్పుకు కూడా ఆ అంకె బాగా కదిలేది అక్కడే.

తర్వాతి చిక్కు దీపంతోనే. బల్బు వెలగగానే ఆ వెలుతురు సెన్సర్ మీద పడుతుంది, తెల్లవారిందనుకుని ఆర్డుయినో దాన్ని ఆర్పేస్తుంది. ఆరగానే మళ్లీ చీకటి. బల్బును వెలిగించి ఆర్పే స్విచ్చు, రిలే, టకటకమని కొట్టుకుంటుంది. దీనికి మొదటి మందు నల్లటి హీట్ ష్రింక్ గొట్టం. ఎల్‌డీఆర్‌కి దాన్ని టోపీలా తొడిగి, బల్బుకు వీపు పెట్టి, ఉత్తర ఆకాశం వైపు తిప్పాలి. రెండోది ప్రోగ్రామ్‌లో: రీడింగ్ 450 కంటే తగ్గితే వెలిగించు, 600 దాటితేనే ఆర్పు. ఏ నిర్ణయమైనా అర నిమిషం పాటు అదే రీడింగ్ నిలిచాకే. అప్పుడు మెరుపుకీ, మలుపు తిరిగే ఆటో హెడ్‌లైట్‌కీ దీపం అదరదు.

బీహెచ్1750 లాంటి డిజిటల్ సెన్సర్ నేరుగా లక్స్‌లోనే లెక్క చెప్తుంది. కొలత కచ్చితంగా కావాలంటే అదే మేలు. కాడ్మియం విషం కాబట్టి ఇక ముందు అటే వెళ్లాలి. పాడైన ఎల్‌డీఆర్‌లను చెత్తబుట్టలో వేయొద్దు. అయినా నేర్చుకునే పిల్లల చేతికి మొదట ఎల్‌డీఆరే ఇస్తాను. వెలుతురు వోల్టేజీగా ఎలా మారుతుందో అందులో దాపరికం లేకుండా కనిపిస్తుంది. 230 వోల్టుల లైను జోలికి మాత్రం పెద్దవాళ్లు పక్కన లేకుండా పోనివ్వను. ముందు చిన్న ఎల్‌ఈడీతోనే అన్నీ సరిచూసుకోవాలి.

సరిచూడటానికి చాలామంది సెన్సర్‌ను అరచేత్తో మూస్తారు. అరచేయి ఒక్కసారిగా చీకటి చేస్తుంది. సంధ్య అలా రాదు, ఆ 450 గీత దగ్గర చాలాసేపు తచ్చాడుతుంది. ఆ తచ్చాటలో దీపం మిణుకుమంటుందా లేదా అన్నదే అసలు పరీక్ష. అది రోజుకు ఒక్కసారే వస్తుంది. ఇవాళ 450ని 430 చేస్తే, సరిపోయిందో లేదో రేపు పొద్దుగూకాకే తెలుస్తుంది.