బండిని సాగనంపడం

కొత్త బండి ఇంటికొచ్చిన రోజు ఏం చేయాలో మనలో ఎవరికీ చెప్పక్కర్లేదు. షోరూం నుంచి నేరుగా గుడికి తీసుకెళ్తాం. బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేస్తాం, బంతిపూల దండ కడతాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, కొబ్బరికాయ కొడతాం. ఆ తర్వాత ఏటా దసరాకు ఆయుధ పూజ ఉండనే ఉంది. ఆ రోజు పొద్దున శంషాబాద్‌లో చూడాలి. ఎయిర్‌పోర్టు క్యాబుల నుంచి బెంగళూరు హైవే మీది లారీల దాకా, ఏ బండి చూసినా కడిగి, బొట్లు పెట్టి, గుమ్మడికాయతో దిష్టి తీసి ఉంటుంది.

చివరి రోజుకు మాత్రం మన దగ్గర ఏ పద్ధతీ లేదు. అందుకే ఏ కాలనీలోకి వెళ్లినా గోడ వారగా కవరు కప్పుకున్న కారు ఒకటి కనిపిస్తుంది. టైర్లలో గాలి ఉండదు, వైపర్ల కింద ఎండాకులు పేరుకుని ఉంటాయి. సొంతదారుకు దాని మీద ప్రేమ లేక కాదు. ప్రేమ ఉండబట్టే వచ్చిన ధరకు అమ్మలేదు, తుక్కుకూ వేయలేదు. ఏం చేయాలో తోచక అలా ఉంచేశాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బండి పాడవడమే తప్ప ఎవరికీ అక్కరకు రాదు. బండిని ఎలా చూసుకోవాలో ఎన్నోసార్లు రాశాను. ఎలా సాగనంపాలో ఈ వారం రాస్తాను. మా మారుతి 800ను ఈ మధ్యే పంపించేశాం.

1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలను ఇందిరాగాంధీ హర్‌పాల్ సింగ్ అనే ఉద్యోగి చేతిలో పెట్టారు. అంబాసిడర్లు, ఫియట్‌లు తప్ప వేరే ఊసు లేని రోడ్ల మీదికి ఆ బుల్లి కారు వచ్చాక ఉద్యోగస్తులు, బడి పంతుళ్లు, చిన్న వ్యాపారులు మొదటిసారి సొంత కారు గురించి ఆలోచించగలిగారు. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు 13 నగరాల్లో అమల్లోకి రావడంతో హైదరాబాద్‌లో కొత్త 800 అమ్మకాలు ఆగిపోయాయి. 2014 జనవరి 18న తయారీయే ఆగింది. మాది 2000లో కొన్నది. కార్బురేటర్ బండి, 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. చలికాలం పొద్దున్నే చోక్ లాగి పట్టుకుని, ఇంజన్ కాస్త వేడెక్కాక మెల్లగా వదలాలి. ఎప్పుడు వదలాలో చేతికి తెలిసిపోయేది.

2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాక, అక్కడికి దగ్గర్లోనే ఉన్న మా ఇల్లు చుట్టాలందరికీ మజిలీ అయింది. అప్పటికి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లేదు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఆ పైవంతెన 2009 అక్టోబరులో గానీ రాలేదు. అత్తాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఫ్లైట్ పోతుందని అమెరికా వెళ్లే పిల్లలు ముందురోజే కుటుంబంతో సహా మా ఇంట్లో దిగేవారు. ఒక్కొక్కటి 23 కిలోల సూట్‌కేసులు రెండు. 800 డిక్కీలో ఒకటి పడితే గొప్ప. రెండోది పైన క్యారియర్‌కు తాళ్లతో బిగించేవాళ్లం. లోపల ఊరగాయ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని తల్లి, పక్కన మాటా పలుకూ లేకుండా తండ్రి. తిరుగు ప్రయాణంలో వెనక సీటు నుంచి వినపడే ఏడుపుకు అడ్డం రాకుండా ఏ గేరులో ఎంత నెమ్మదిగా పోవాలో కూడా ఆ బండే నాకు నేర్పింది. ఎందరి పిల్లలనో సాగనంపిన బండి అది. దాన్ని పంపేటప్పుడు ఏదో ఒకటి చేయకుండా ఉండలేకపోయాం.

దాని ఆయుష్షు తగ్గింది 2020 అక్టోబరు 13 రాత్రి. శంషాబాద్ వైపు ఉండేవాళ్లెవరూ ఆ రాత్రిని మర్చిపోరు. గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు కట్ట తెగి, నీళ్లు బెంగళూరు హైవే మీద పడ్డాయి. కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. మా వీధిలో ప్రాణాపాయం లేకపోయినా, తెల్లారేసరికి బండిలో సీట్ల దాకా బురదనీళ్లు. అలాంటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి: నీళ్లు పట్టిన బండికి సెల్ఫ్ కొట్టకూడదు. గాలి అణుగుతుంది గానీ నీరు అణగదు. సిలిండర్లో నీరుండగా పిస్టన్ పైకి లేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజన్ అక్కడితో సరి. మేం తాళం కూడా తిప్పకుండా బండిని తోసుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లాం. ప్లగ్గులు విప్పి, నీళ్లు తోడి, ఆయిల్ మార్చాక ఇంజన్ మళ్లీ పలికింది. అందరం సంబరపడ్డాం. బురద మాత్రం తలుపుల కింద ఉండే బోలు రేకుల్లో, కంటికి కనపడని చోట మిగిలిపోయింది. తడి బయటికి పోయే చిన్న చిన్న రంధ్రాలు మూసుకుపోయాయి. అక్కడి నుంచి తుప్పు లోపలి వైపు నుంచి పని మొదలుపెట్టింది.

2025లో రిజిస్ట్రేషన్ రెన్యూవల్ దగ్గరపడినప్పుడు, ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లే ముందు ఒకసారి చూడమని ఎప్పటి మెకానిక్‌కే ఇచ్చాను. సొంత బండికి మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్. అతను బానెట్ ఎత్తలేదు. డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాటు తీసి, కింద అతికిన కార్పెట్ లేపి, స్క్రూడ్రైవర్ మొనతో ఫ్లోరును మెల్లగా నొక్కాడు. మొన చప్పుడు లేకుండా దిగిపోయింది. బయటికి లాగితే దాని వెంట ఎర్రటి పొడి. మరో చోట నొక్కాడు, అదే పొడి. అప్పుడు బానెట్ ఎత్తి, ముందు చక్రం స్ట్రట్ పైభాగం బిగించి ఉండే చోట పెయింటు గీకాడు. పెయింటు పొరలుగా లేచింది, దాని కింద రేకు కూడా పొరలుగానే లేచింది.

"ఇంజన్ మంచిగనే ఉంది కదా?" అన్నాను.

"ఇంజన్‌కేందన్నా, బంగారం. బోరుకు గూడ రాలె. గని దాన్ని మోసెటిది గావాలె గదా. వెల్డింగ్ పట్టాలంటే అటూ ఇటూ రేకు ఉండాలె. ఏడ పట్టిస్తవ్?"

దీనికి మించిన మాట ఏ ఇంజనీరూ చెప్పలేడు. లారీకి, జీపుకు కింద విడిగా చాసిస్ ఫ్రేము ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. మారుతి 800కు అలాంటి ఫ్రేము లేదు. బాడీయే చాసిస్. ఇంజన్ బరువు, గుంతల్లో చక్రాలు తినే దెబ్బ, లోపల కూర్చున్న మనుషులు, అన్నీ ఆ పల్చటి రేకుల మడతల మీదే ఆధారపడి ఉంటాయి. గేర్‌బాక్సు పోతే మరొకటి దొరుకుతుంది. ఇంజన్ దింపి బోరు చేయించవచ్చు. రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో తిరిగితే పాత పార్టు ఏదైనా చేతికి తగులుతుంది. రేకు పోతే కొత్త ఫ్లోరు, స్ట్రట్లను పట్టుకునే కొత్త ఏప్రాన్లు, టింకరింగ్, పెయింటింగ్ అన్నీ కలిపి బండి ధరకు ఎన్నో రెట్లవుతుంది. పోనీ పెట్టుకున్నా, ఆ అతుకులు గట్టిగా ఉంటాయని చేయి వేసి చెప్పేవాడు లేడు.

రిపేరు ఎప్పుడు ఆపాలన్నదానికి బీమా వాళ్ల లెక్క ఒకటుంది. బాగు చేసే ఖర్చు బండి బీమా విలువ (ఐడీవీ)లో 75 శాతం దాటితే బండి మొత్తం పోయినట్టే లెక్కగడతారు. వాళ్లది డబ్బు లెక్క, వాళ్లకు అది చాలు. నా లెక్క వేరు. వయసు చూసి బండిని తుక్కుకు పంపడం నాకు నచ్చదు. ఢిల్లీలో డీజిల్‌కు 10 ఏళ్లు, పెట్రోల్‌కు 15 ఏళ్లు అని గీత గీసినప్పుడు ఎంతోమంది శ్రద్ధగా కాపాడుకున్న బండ్లు గీతకు అవతల పడ్డాయి. బాగా చూసుకున్న పాత బండి, చూసుకోని కొత్త బండి కంటే మేలు. ఖర్చు ఎక్కువైనా సరే, బండి మీద నమ్మకం ఉన్నంతకాలం బాగు చేయించుకోవాలి. కానీ అందులో ఇంకొకరిని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కడానికి మనసు ఒప్పకపోతే, ఆ రోజే ఆపేయాలి. స్ట్రట్ పట్టు ఊడితే స్టీరింగ్ చేతిలో ఉండదు. రెన్యూవల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది, 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. ఆ డబ్బు కట్టడానికి నేను వెనకాడలేదు. అమ్మను ఆ సీట్లో కూర్చోబెట్టడానికి వెనకాడాను.

ఇక్కడి నుంచే అసలు పని. చాలామంది ఇక్కడే పాత ఇనుప సామాన్ల వాడిని పిలిచి, తూకానికి బేరం ఆడి, డబ్బు తీసుకుని తలుపేసుకుంటారు. 650 కిలోల బండి పోతుంది. దాని నంబరు మాత్రం రవాణా శాఖ రికార్డులో మన పేరు మీద బతికే ఉంటుంది. ఆ బండిని ఎవరో అతుకులేసి రోడ్డెక్కించి ప్రమాదం చేస్తే? నవీన్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరు, పరిహారం బాధ్యత కూడా వాళ్లదే. బండి చేతులు మారిందంటే సరిపోదు. కాబట్టి రిజిస్ట్రేషన్ రద్దయ్యేదాకా మన బాధ్యత తీరలేదని అనుకోవాలి.

అందుకు దారి ఉంది. 2021 సెప్టెంబరులో కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలు వచ్చాయి. బండి తీసుకునే ముందు వాళ్లు రికార్డు చూస్తారు: ఫైనాన్స్ బాకీ ఉందా, దొంగబండి జాబితాలో ఉందా అని. అప్పగించాక డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. కొత్త బండి కొనేటప్పుడు దానితో రోడ్డు ట్యాక్సులో రాయితీ అడగవచ్చు. సొంత బండ్లకు 25 శాతం దాకా ఇవ్వడానికి కేంద్ర నిబంధనల్లో వీలుంది. ఆపైన ఆయిల్, కూలెంట్, బ్యాటరీ లాంటివి వేరు చేశాకే బండిని విప్పాలి. రోడ్డు పక్క షెడ్డులో ఇదేదీ జరగదు. అక్కడ పాత ఆయిల్ మట్టిలోకి పోతుంది. మన దగ్గర ఆ మట్టికి దిగువన ఉన్నవి చెరువులు.

రికవరీ వ్యాన్ వచ్చే రోజు పొద్దున బండిని కడిగాను. పనికిరాని బండికి కడగడమెందుకని ఇంట్లో ఎవరూ అనలేదు. డాష్‌బోర్డు పెట్టెలో కాగితాలు తీశాం. నేను దాచుకున్న స్పేర్లు, ఒక డిస్ట్రిబ్యూటర్ క్యాప్, క్లచ్ కేబుల్, కొత్తదే ఒక సైడ్ మిర్రర్, మెకానిక్ చేతికిచ్చాను. షాద్‌నగర్ వైపు ఇంకో 800 అతని చేతి మీద నడుస్తోంది, దానికి ఉపయోగపడతాయి. ఆయిల్ గేజ్ చివరిసారి లాగి చూశాను. కొద్ది నెలల కిందటే మార్చిన ఆయిల్, ఇంకా నల్లబడలేదు. అమ్మ కుంకుమ భరిణెతో బయటికొచ్చింది. ఒడిబియ్యం పోసి పంపే ఆడబిడ్డకు పెట్టినట్టే బానెట్ మీద బొట్టు పెట్టి, రెండు చేతులా దాన్ని నిమిరింది. నేను చూస్తుంటే, "దసరాకు పెట్టినం, ఇయ్యాల పెట్టొద్దా?" అంది.

తుక్కు కేంద్రంలో ఇంజన్ వెనకాల అడ్డురేకు మీద చెక్కిన చాసిస్ నంబరు ముక్కను కటింగ్ మెషీన్‌తో కోసి తీశారు. అరచేతిలో పట్టేంత రేకు. తుప్పు అక్కడికి చేరలేదు, ఒక్కో అంకె స్పష్టంగా ఉంది. ఆ ముక్కను ఆరు నెలలు వాళ్లు భద్రపరచాలి. నేను దగ్గరుండి చూశాను. చూడటం కష్టమే అయినా, ప్రతి సొంతదారూ అక్కడ ఉండాలని నా కోరిక. ఆ నంబరును మరో బండి మోయదన్న నిశ్చింత అప్పుడే కలుగుతుంది.

సుజుకి పుట్టిన జపాన్‌లో 2005 నుంచి చట్టం ఉంది. కొత్త కారు కొనేవాడు దాన్ని చివర్లో విప్పి, శుద్ధి చేయడానికయ్యే రుసుం కూడా మొదటి రోజే కట్టేస్తాడు. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి ఆ బాధ్యతలో భాగం తయారీదారుల మీద పెట్టారు. మంచి మార్పే. ఇంటి ముందు నిలబెట్టిన బండిని కదిలించే పని మాత్రం సొంతదారుదే.

మా వీధి చివర రిటైర్డ్ మాస్టారి ఇంటి ముందు ఓ మారుతి జెన్ చాలాకాలంగా కవరు కింద ఉంది. మా బండి వెళ్లాక ఆయన వచ్చి వివరాలు అడిగారు. ఆర్‌సీ తెమ్మన్నాను. లోను ఎప్పుడో తీరిపోయింది గానీ బ్యాంకు పేరు అందులో అలాగే ఉంది. అది పోతేగానీ ఏ కేంద్రమూ బండి తీసుకోదు. "మాస్టారూ, ముందు బ్యాంకుకెళ్లి ఫారం 35 మీద సంతకం, ముద్ర వేయించుకుని, ఎన్‌ఓసీ కూడా తెచ్చుకోండి. మిగతాది నేను దగ్గరుండి చేయిస్తాను" అన్నాను. సోమవారం ఇద్దరం కలిసి బ్యాంకుకు వెళ్తున్నాం.