తీసేసినా పోని ప్లగిన్లు

"సైట్‌లో ఎన్ని ప్లగిన్లుంటే మంచిదండీ?" అని తరచూ అడుగుతుంటారు. పది దాటకూడదని ఒకరంటారు, ఇరవై వరకూ పర్లేదని ఇంకొకరు. ఈ లెక్కల మీద నాకు నమ్మకం లేదు. నలభై ఉన్నా నిక్షేపంగా నడిచే వర్డ్‌ప్రెస్ సైట్లున్నాయి, ఒక్కదానితో చతికిలపడేవీ ఉన్నాయి. పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ ప్లగిన్ సర్వర్‌కి ఏం పని చెబుతోందో చూడాలి. 'ఇవి కూడా చదవండి' అని వార్త అడుగున వేసే నాలుగు లింకుల కోసం కొన్ని ప్లగిన్లు పాత వార్తలన్నిట్లోనూ మాటల పోలికలు వెతుకుతాయి. చదివినవాళ్ల లెక్క చూపేవైతే వచ్చిన ప్రతి మనిషికీ డేటాబేస్‌లో ఏదో ఒకటి రాస్తాయి.

మొన్న ఓ జిల్లా వార్తల సైట్ నడిపే కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, సాయంత్రమైతే చాలు 508 ఎర్రర్ వస్తోంది. పెద్ద ప్లాన్ తీసుకోమంటున్నారు." షేర్డ్ హోస్టింగ్‌లో ఇలా వచ్చిందంటే మన వాటా సీపీయూ, మెమరీ, ప్రాసెస్‌ల కోటా నిండిపోయినట్టే. ప్లాన్ సంగతి తర్వాత, ముందు ఆప్షన్స్ టేబుల్ తెరవమన్నాను.

సెట్టింగులుండేది అందులోనే. ఆటోలోడ్ అని గుర్తు పెట్టినవన్నీ, అవసరం ఉన్నా లేకున్నా, ప్రతి రిక్వెస్ట్‌కీ మెమరీలోకి ఎక్కుతాయి. 2024లో వచ్చిన 6.6 వెర్షన్ నుంచి ఇవి 800 కేబీ దాటితే సైట్ హెల్త్ పేజీలో హెచ్చరిక కనిపిస్తుంది. ఆ పేజీ ఎవరు చూస్తారు గనక! మనవాడి సైట్‌లో నాలుగు ఎంబీ ఉంది. సైజు వరసన పేర్చి చూస్తే, ఎప్పుడో తీసేసిన స్లైడర్ ప్లగిన్ తాలూకు డేటా అన్నిటికన్నా పైన కూర్చుని ఉంది. డిలీట్ కొడితే ఫైళ్లు పోతాయి. డేటాబేస్‌లో పోగుపడ్డది పోవాలంటే ప్లగిన్ రాసినవాళ్లు ఆ ఏర్పాటు చేసి ఉండాలి. సామాను వదిలేసి ఇల్లు ఖాళీ చేసే అద్దెవాళ్లు ఇక్కడ చాలామందే. బ్యాకప్ తీసుకున్నాకే చెయ్యి పెట్టించాను లెండి.

ఇక క్రాన్, అంటే వేళకి చేయాల్సిన పనుల్ని నడిపే ఏర్పాటు. వర్డ్‌ప్రెస్‌కి సొంత గడియారం లేదు. సైట్‌కి ఎవరైనా వచ్చినప్పుడే, చేయాల్సిన పనులు మిగిలాయా అని చూసుకుంటుంది. దాంతో బ్యాకప్పులూ స్కాన్లూ సరిగ్గా జనం ఉన్నప్పుడే మొదలవుతుంటాయి. కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైనుతో దాన్ని ఆపి, హోస్టింగ్ ప్యానెల్లో పదిహేను నిమిషాలకోసారి క్రాన్ పెట్టించాను. బ్యాకప్‌ను తెల్లవారుజాముకి మార్చాం.

ప్లాన్ పెంచాల్సిన పని పడలేదు. ఇప్పుడు కొత్త ప్లగిన్ పెట్టినప్పుడల్లా క్వెరీ మానిటర్‌తో క్వెరీలు ఎన్ని పెరిగాయో చూసుకుంటున్నాడు (అదీ ప్లగినే, పనయ్యాక ఆపెయ్యాలి). చదివినవాళ్ల లెక్క చూపేదాన్ని మాత్రం తీయనన్నాడు. ప్రకటనలిచ్చేవాళ్లు ముందు ఆ అంకె చూశాకే రేటు మాట్లాడతారట.