తాడు పట్టువాని కండ్లజోడు

కొండ నెక్కినవాని ఛాయాచిత్రము పత్రికలో పడును. ఆ కొండ మొదట నిలిచి, నడుమునకు బిగించిన పట్టాకు తగిలించిన పరికరము గుండ తాడును కొంచెము కొంచెముగ వదలుచు, పైవాడు కాలు జారిన క్షణమున దానిని బిగబట్టి ప్రాణము నిలుపువాని ముఖమును మాత్రము ఎవరును ముద్రింపరు. కుర్రవాండ్రు ఈ పనిని బిలే అందురు. ఎక్కువాడు ఒక పట్టు నుండి మరియొక పట్టునకు చేయి చాపుటకు జంకుచు పావుగంట సేపు శిలకు కరచికొని యున్నను, క్రిందివాడు ఆ పావుగంటయు తల వెనుకకు వ్రాల్చి అతనినే చూచుచుండవలెను. మనుష్యుని శిరస్సు సుమారు 5 కిలోల బరువు. దానిని నిట్టనిలువుగ మోయుటకు అలవాటుపడిన మెడ, వెనుకకు వంచి మోయుమన్నచో త్వరలోనే మొరపెట్టును. రెండు మూడేండ్లు తాడు పట్టినవారిలో మెడనొప్పి యెరుగనివాడు అరుదు.

ఈ బాధకు విరుగుడుగ ఈ శతాబ్దపు మొదటి దశాబ్దమున జర్మనీ దేశపు అధిరోహకుడు ఆల్బి ష్నైడర్ ఒక కండ్లజోడును కల్పించెను. కటకముల స్థానమున రెండు చిన్న గాజు పట్టకములను ఇమిడ్చిన చట్రమే అది. ధరించినవాడు ఎదుటికి చూచినను కొండ మీదివాడు కనబడును. పైనుండి దిగివచ్చు కాంతి పట్టకములో ఒకమారు గాక రెండుమారులు పరావర్తనము చెంది కంటిని చేరును గనుక, ఒక్క అద్దమున వలె బింబము తారుమారు కాక, తల పైన కాళ్ళు క్రింద యథాప్రకారముగనే యుండును. ఉపాయము స్వల్పమే, కాని ఎంత ముచ్చటైనది!

హైదరాబాదులో ఉద్యోగము చేయుచు ఆదివారములు భువనగిరి గుట్ట మీద గడపు మా మేనల్లుడు మొన్న నస్పూరు వచ్చినప్పుడు, “మామా, ఏది కొనాల్నో నువ్వే చెప్పు, పైకి చూసుడు నీకు తెల్సినంత ఎవనికి తెల్సు?” అనెను. పరిహాసమే యైనను అందులో కొంత సత్యము లేకపోలేదు. నేను శ్రీరాంపూర్ ప్రాంతపు భూగర్భ గనులలో ఓవర్‌మన్‌గా పని చేసినవాడను; బాయి దిగినవానికి మొదటి విధి తల మీది కప్పును చూచుట. అయితే ఆ చూచుట కంటితో మాత్రమే జరుగునది కాదు. త్రవ్వుచోటైన ఫేసు వద్దకు పోయినంతనే కర్రతో కప్పును తట్టుదుము. ఖంగుమన్నచో పొర గట్టిగ నున్నదనియు, డొల్లగ మ్రోగినచో లోపల పొరలు విడివడినవనియు గ్రహింతుము. అనుమానము తీరనిచో ఒక చేత తట్టుచు రెండవ అరచేతిని కప్పునకు ఆనించి అదురు తెలియుచున్నదో లేదో పరీక్షింతుము. టోపీ లైటు వెలుగు తల తిరిగినవైపే పోవును. ఆ వెలుగు పడినంత మేర శిల ఎంత నునుపుగ కనబడినను, చెవియు చేయియు ఒప్పుకొననిదే దాని క్రింద ఎవరిని నిలువనిచ్చెడివారము కాము. కంటి సాక్ష్యమును ఒంటరిగ నమ్మరాదను ఆ పట్టుదలతోనే నేను ఈ కండ్లజోళ్ళను పరిశీలించితిని.

పట్టకము చూపునది ఇరుకైన చిత్రము. అందులో పైవాని కాలి కదలిక స్పష్టముగ కనబడుచుండగా, తన పాదముల చెంత తాడు చిక్కుపడినదా, పరికరము పైన చేయి సరిగ నున్నదా, ప్రక్కన ఎవడైన వచ్చి తాడును త్రొక్కుచున్నాడా అను సంగతులు ఆ చిత్రమునకు వెలుపల జరుగును. కావున నేను మొదట చూచునది గాజును కాదు, గాజు చుట్టునున్న ఖాళీని. పట్టకమునకు క్రిందను ప్రక్కలను చట్రము తెరిపిగ నుండి, కన్ను రవ్వంత దించినంతనే ఎదుటి శిలయు చేతిలోని తాడును సహజముగ కనబడవలెను. మోటారు సైకిలువాండ్ర అద్దముల వలె కన్నుల చుట్టు మూసివేయు వెడల్పు ప్లాస్టిక్కు చట్రము చూపులకు దృఢముగ తోచినను ఈ పనికి తగదు; సన్నని లోహపు చట్రమే మేలు.

తరువాత కోణము. దీనిని గూర్చి అమ్మువారు చెప్పునది తక్కువ, కొనువారు అడుగునది అంతకంటె తక్కువ. నిట్టనిలువు గోడకు 2 మీటర్ల దూరమున నిలిచి, 15 మీటర్ల ఎత్తున నున్నవానిని చూడవలెనన్నచో దృష్టి సుమారు 82 డిగ్రీలు పైకి పోవలెను. భువనగిరి వంటి ఏకశిల మీద లెక్క వేరు. గుండ్రముగ ఒరగిన ఆ గ్రానైటు గుట్ట మీద 60 డిగ్రీల వాలున 20 మీటర్లు ప్రాకినవాడు నిలువుగనే గాక మననుండి వెనుకకును జరుగును గనుక, అతనిని చూచుటకు సుమారు 53 డిగ్రీలు చాలును. మాలావత్ పూర్ణయు, ఆనంద్ కుమారును 2014 మే 25న ఎవరెస్టు శిఖరమున నిలుచుటకు ముందు తొలిపాఠములు నేర్చినది ఈ గుట్ట మీదనే. ఇక్కడ తాడు పట్టువాని మెడకు నగరములోని కృత్రిమపు గోడల వద్ద కలుగునంత శ్రమ కలుగదు. ముందునకు వ్రాలు ఆ గోడల వద్దనే ఈ జోడు అవసరము ఎక్కువ.

ఏ జోడు ఎంత కోణము వంచునో తెలిసికొనుటకు మా కాలనీ నీళ్ళ ట్యాంకు చాలును. మెడ నిటారుగ నుంచి, ట్యాంకు అంచు పట్టకము నడుమ పడునంతవరకు ముందునకు నడువవలెను. ట్యాంకు 15 మీటర్లనుకొని, కన్ను నేలనుండి మీటరున్నర ఎత్తున నున్నదనుకొన్నచో, పదమూడున్నర మీటర్ల దూరమున అంచు నడుమ పడినప్పుడు కోణము 45 డిగ్రీలు, ఎనిమిది మీటర్లకు చేరువయైనప్పుడు 60. మా సర్వేయర్లు నవ్వవచ్చును గాని కండ్లజోడు కొనువానికి ఇంతకంటె సూక్ష్మగణితము అక్కరలేదు.

పరుండి పుస్తకము చదువువారి కొరకు ఆన్‌లైను అంగళ్ళలో కొన్ని వందల రూపాయలకు అమ్ము పట్టకపు జోళ్ళు కలవు. రెండును ఒకటేయని భ్రమించి వానిని కొనిన బుద్ధిమంతులు లేకపోలేదు. అవి చూపును పైకి గాక పాదములవైపు వంచునట్టివి. తలక్రిందులుగ పెట్టుకొన్నచో ముక్కు మీద నిలువవు. ఒకవేళ నిలిపినను సరిగ నడినెత్తిన నున్న ఆకాశమును చూపును గనుక, భువనగిరి వాలు మీదివానిని చూచుటకు తల వంచుకొని పైకి చూడవలసిన విచిత్రావస్థ కలుగును.

గాజు విషయమున పిసినారితనము పనికిరాదు. దుర్భిణీల పట్టకములకు వాడు బేకే-4 అను గాజుతో చేసినవి కాంతిని చక్కగ ప్రసరింపజేయును. ఆక్రిలిక్ పట్టకములు తేలికయైనను, సంచిలో తాడు తగిలించు కొక్కెములైన కారబినర్లతో రాపిడి పడి, మన గ్రానైటు ధూళికి గీతలు పడి, త్వరలోనే మసకబారును. గాజు బరువు ముక్కు మీద పడును కాబట్టి ముక్కుదిండ్లు మెత్తగ నుండవలెను. పైవాడు ఆకస్మికముగ పడినప్పుడు క్రిందివాడు శిలవైపు ఈడ్వబడుట కలదు. అట్టి సమయమున జోడు జారి నేలపాలు గాకుండుటకు మెడతాడు తప్పనిసరి.

కొన్న జోడును ఆరంభమునుండియే ధరించుట మంచిది కాదు. ఎక్కువాడు శిలకు బిగించిన మొదటి రెండు బోల్టులకు తాడు తగిలించునంతవరకు నేల దగ్గరగ నుండును, పడినచో నేలను తాకు ప్రమాదము అప్పుడే ఎక్కువ. ఆ కొద్ది ఎత్తునకు మెడకు శ్రమయు లేదు. అంతవరకు వట్టి కంటితో చూచి, పిదప జోడు దించుకొనవలెను. తాడు వదలుమని పైవాడు వేయు “స్లాక్” అను కేక వినబడకమునుపే తాడు లాగుడు చేతికి తెలియవలెనని నేను మేనల్లునికి గట్టిగ చెప్పితిని. “అట్లయితే అద్దాలెందుకు మామా?” అని అతడు అడిగెను. అతని మెడ కొరకే. పైవాని కొరకు చేయి యుండనే యున్నది.

ఇక ఎండ. మార్చి దాటినచో మన ప్రాంతమున శిలను తాకుటయే కష్టము గనుక, ఎక్కుట కెల్ల శీతకాలపు ఉదయములే అనుకూలములు. అప్పుడు సూర్యుడు దిగువన నుండి, తూర్పు ముఖపు శిల వద్ద మన వీపు వెనుకకు వచ్చును. మధ్యాహ్నమున మాత్రము పట్టకము ఎక్కువానితోపాటు సూర్యుని గూడ కంటిలోనికి తెచ్చును. అప్పుడు జోడు తీసివేయుటయో, నిలిచిన చోటు మార్చుటయో చేయవలెను. నల్లటి పూత పూసిన పట్టకములను నేను మెచ్చను, నీడలోని కాలిపట్టు వానిలో కనబడదు.

చత్వారపు అద్దములు గలవారు తమ జోడు మీద తగిలించుకొను క్లిప్పు రకమును కొనవచ్చును. మా మేనల్లునికి ఆ అవసరము లేదు గనుక, సన్నని లోహపు చట్రము, బేకే-4 గాజు, మెడతాడు గల దానిని నిర్ణయించితిమి. నేను నలుపు చాలునంటిని. అతడు ఎరుపే తెప్పించుకొనుచున్నాడు.