నాగరత్నమ్మగారి ప్రశ్న

సంస్కరణాభిమానులమగు మనకు ఇబ్బంది కలిగించు కావ్యములలో ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ ఒకటి. ఈమె తంజావూరిలో ప్రతాపసింహుని (1739–1763) కాలమునాటి కవయిత్రి. దేవదాసి కుటుంబమున జన్మించి, సంస్కృతాంధ్రములు నేర్చి, గానమున కీర్తి గడించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878–1952), పూర్వముద్రణమున కవయిత్రి పరిచయపద్యములు లోపించుట చూచి, వ్రాతప్రతితో సరిపోల్చి ఈ కావ్యమును 1910లో ప్రకటించిరి. స్త్రీలు వినదగనిదనియు, స్త్రీ నోట రాదగనిదనియు వీరేశలింగము పంతులుగారు దానిని నిరసించిరి. కవయిత్రి నడవడినిగూడ దూషించిరి. పిమ్మట ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. 1947లోగాని ఆ నిషేధము తొలగలేదు.

కావ్యమున శృంగారము మితిమీరినదనుట నిజమే. దానిని బాలబాలికలచేత చదివింపుడని నేను చెప్పను. కాని నాగరత్నమ్మగారు అడిగినది వేఱు: ఈ సిగ్గు స్త్రీలకు మాత్రమేనా, పురుషకవులకు వలదా? 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిన పంతులుగారికి మనము ఎంతయు ఋణపడియున్నాము. ఐనను కావ్యమును విడిచి కవయిత్రి నడవడిని తూచుట విమర్శ కాజాలదు. అందఱికిని కొలబద్ద యొక్కటియే కావలయును.

నాగరత్నమ్మగారి శేషజీవితము ఈ ప్రశ్నకే వ్యాఖ్యానము. పాడి గడించిన ధనముతో తిరువైయారున త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించిరి. 1925లో ప్రతిష్ఠ జరిగెను. ఆరాధనలో స్త్రీలను పాడనీయకపోగా, 1927లో స్త్రీలచేతనే వేఱుగా ఆరాధన జరిపించిరి. గుడి కట్టించిన యామెకు అచట పాడు హక్కు లేదన్నవారికి ఆ పాటయే ప్రత్యుత్తరమైనది.

స్త్రీ చదువుకొనవలెనని కోరినవారము, ఆమె వ్రాసినప్పుడు చెవులు మూసికొనుట న్యాయమా?