‘మతంగో’ – భయానకమునందుఁ గర్తృవిచారము

భయానకరసప్రధానములగు చలనచిత్రములు పామరవినోదమాత్రములని పండితులు వానిఁ జూడకయే త్రోసివేయుదురు. ఇట్టి యనాదరమునకు గుఱియైన వానిలో జపానుదేశపుఁ జిత్రము ‘మతంగో’ యొకటి. తోహో సంస్థ దీనిని 1963లో వెలువరించెను. దర్శకుఁడు ఇషిరో హోండా. 1954లో ‘గొజిరా’ను దీసినవాఁడితఁడే. ఆ మహామృగమునకుఁ గలిగిన కీర్తి యీ పుట్టగొడుగులకుఁ గలుగలేదు. అమెరికాలో నిది రంగశాలల కెక్కక, ‘పుట్టగొడుగుమనుష్యుల దండయాత్ర’ యను నర్థము వచ్చు పేరుతో నేరుగా టెలివిజనునఁ బ్రసారమయ్యెను. నా విచార మా పేరుతోనే యారంభమగుచున్నది. ఏలయన నందుఁ గర్త తాఱుమాఱైనాఁడు.

కథకు మూలము విలియం హోప్ హాడ్జ్‌సన్ 1907లోఁ బ్రకటించిన ‘ది వాయిస్ ఇన్ ది నైట్’ అను చిన్నకథ. చిత్రమున ధనికుఁడగు వ్యాపారి, ఆతని యుద్యోగి, నావికుఁడు, రచయిత, గాయని, మనశ్శాస్త్రాచార్యుఁడు, ఆతని శిష్యురాలు – ఈ యేడుగురు విహారనౌకపైఁ బోయి, తుపానులోఁ జిక్కి, నిర్జనద్వీపముఁ జేరుదురు. అచ్చట బూజుపట్టిన పరిశోధననౌక యొకటి కలదు. అణుపరీక్షల ఫలితములను శోధింప వచ్చిన దది. అందొక యద్దమైనను లేదు. ఆఁకలి హెచ్చును. నావికుఁడు తనకు దొరకిన తాఁబేటిగ్రుడ్లను వ్యాపారికి వెలకమ్మును. పుట్టగొడుగులు మాత్రము సమృద్ధిగా నున్నవి. వానిఁ దిన్నవారు క్రమముగాఁ దామును బుట్టగొడుగు లగుదురు.

స్వతంత్రుఁడు కర్త యని పాణిని నిర్ణయము. ‘వాఁడు పుట్టగొడుగును దినెను’ అనుచోట వాఁడు కర్త, పుట్టగొడుగు కర్మము. చిత్రమునను వాక్య మిట్లే యారంభమగును. ఆ శిలీంధ్రము రచయితను వెంటాడలేదు. ఆతఁడు తానై తినెను. గాయనియుఁ దానై తినెను. తిన్న పిదప స్వాతంత్ర్యము నశించును, కర్తయే కర్మమగును. చివరఁ బుట్టగొడుగుమనుష్యులు శిష్యురాలి నెత్తుకొనిపోవుట నిజమే. కాని వా రామెను జంపరు, తినిపింతురు. కావున నిది దండయాత్ర గాదు, ఆతిథ్యము. భయమంతయు నందే యున్నది.

శృంగారబీభత్సములకు విరోధ మని యాలంకారికులు చెప్పుదురు. ఇచ్చట జుగుప్సకుఁ దగిన వస్తువే రుచ్యమగుచున్నది. తిన్న గాయని మునుపటికంటె నధికకాంతితోఁ గానవచ్చి వ్యాపారిని బిలుచును. రసవిరోధము దోషము గాక ప్రయోజనవంతమైన చోటిది. వేషములు మాత్రము కొన్నిచోట్ల బొమ్మలవలె నుండి హాస్యము పుట్టించును. ఆ లోపము నొప్పుకొనవలయును.

ఈ భయ మెక్కడినుండి వచ్చెను? 1945లో హిరోషిమా, నాగసాకి నగరములు దగ్ధమయ్యెను. 1954 మార్చి 1వ తేదీని బికినీ దీవియొద్ద జరిగిన పరీక్షవలనఁ జేఁపలకై పోయిన జపాను నావలోని 23 మంది వ్యాధిగ్రస్తులైరి. తినెడి చేఁపయే విషమేమో యని దేశము జంకెను. 1960లో ఇకెదా ప్రభుత్వము పదియేండ్లలో దేశాదాయమును రెట్టింతు నని ప్రకటించెను. తిండి విషమగు నను భయమును, తిండిమీఁది యాశచేఁ దాము వేఱొకటి యగుదు మను భయమును బుట్టగొడు గనెడి యొక్క వస్తువునం దిమిడిపోయినవి.

అణుబాంబునకు గుఱియై బ్రదికినవారిని వివాహోద్యోగములందు సంఘము దూరముగా నుంచిన కాలమది. అట్టిచో వికృతముఖులను భయమున కాలంబనముఁ జేయుట బాధితులనే నిందించుట గాదా? ఈ యాక్షేపము బలమైనదే. దానికిఁ జిత్రాంతము సమాధానము. కథ చెప్పు నాచార్యుఁడు టోక్యో వైద్యశాలలోఁ గమ్ములకిటికీ యెదుట, మనకు వెన్నుచూపి నిలిచియుండును. వెలుపల రంగురంగుల నగరదీపములు. ఆ ద్వీపమునకు నీ నగరమునకు భేదము లేదను భావముఁ దెలిపి యాతఁడు వెనుదిరుగును. ఆ మొగమునను మొలకలు! ఇంతసేపు మనము నమ్మి విన్నవాఁడు వారిలో నొకఁడే. బాధితుఁడే వక్త యైనపుడు, విచారింపవలసినది వాని మొగమును గాదు, వానిని గదిలోఁ బెట్టిన సంఘమును.

ఇట్టి చిత్రమును బేరుఁ జూచి విడువరాదు.