ఛాయాపటములు - కేశవేశము

ప్రాచీనకావ్యములందలి వేషభూషణపదములకు అర్థనిర్ణయము చేయునపుడు కొందఱు పండితులు పాత ఛాయాపటములను ప్రమాణముగా చూపుచున్నారు. విక్టోరియారాణి పరిపాలనకాలమున, అనగా 1837 మొదలు 1901 వఱకు, తీయబడిన స్త్రీల రూపపటములు ఆనాటి సిగలను చీరలను ఉన్నవి యున్నట్లు చూపుననియు, కవివర్ణన అతిశయోక్తిమయమైనను ఛాయాపటము ప్రత్యక్షప్రమాణమనియు వారి వాదము. పాఠశాలలలో కావ్యము చెప్పు నుపాధ్యాయులును కొప్పనగా నిట్టిదని బాలురకు ఈ పటములనే చూపుదురు. ఈ పద్ధతి యెంతవఱకు యుక్తమో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము. ఛాయాపటము ప్రత్యక్షము కాదు. అదియు నొక రచన. దానికిని వ్యాకరణము కలదు. ఆ వ్యాకరణ మెఱుగక దానిని చదువరాదు. ఇది నా సిద్ధాంతము.

కేశవేశమును గూర్చి మన శాబ్దికులు చూపిన శ్రద్ధ యసాధారణము. సీమశబ్దమునకు అంతశబ్దము పరమైనపుడు సవర్ణదీర్ఘము వచ్చి సీమాంత మగును, అది పొలిమేర. తలవెండ్రుకల పాపట యర్థమైనచో దీర్ఘము రాక పరరూపము వచ్చి సీమంత మగునని వార్తికకారుని విధి. అట్లే అష్టాధ్యాయి చతుర్థాధ్యాయ ప్రథమపాదమున 42వ సూత్రమున కబరశబ్దము కేశవేశార్థమున ఙీష్ప్రత్యయమును పొంది కబరీ యగును. అర్థాంతరమున కబరా యనియే రూపము. అదే సూత్రముచే నీలశబ్దము ఓషధియైనచో నీలీ, వస్త్రమైనచో నీలా. పొలిమేరకును పాపటకును నడుమ నున్నది ఒక్క మాత్ర. ఆ మాత్ర నుపేక్షించువాడు అర్థమునే పోగొట్టుకొనును. ఛాయాపటములందును ఇట్టి సూక్ష్మములు కలవు.

మొదట ఆంగ్లస్త్రీల పటములను చూతము. 1839లో ఛాయాగ్రహణము లోకమునకు వెల్లడియైనది. 1854లో పారిసునందు డిస్డేరి యనునాతడు ఒకే పలకపై పెక్కు చిన్నపటములు తీయు విధానమునకు హక్కుపత్రము పొందిన పిదప, రూపపటము మధ్యతరగతి యిండ్లకును ప్రాకెను. మొదటి రెండు దశకముల పటములలో నడిపాపట తీసి, వెండ్రుకలను చెవులమీదుగా నున్నగా దువ్వి, వెనుక ముడిచిన రీతి కానవచ్చును. 1860 ప్రాంతమున ముడి మెడపైకి జాఱి వలలో నిమిడినది. పావడా పంజరమువంటి వలయములపై విశాలముగా పఱచుకొన్నది. 1870 ప్రాంతమున సిగ పైకి లేచి, పరకేశముల సాయమున పెరిగినది. 1880 ప్రాంతమున నుదుటిపై కత్తిరించిన చిఱుకురులును, 1890 తరువాత భుజములకడ బూరటిల్లిన ఱవికచేతులును ప్రబలినవి. తేదిలేని పటమునకు కాలనిర్ణయము చేయువారికి ఈ క్రమము మిగుల నుపకరించును. అంతవఱకు పూర్వపక్షమునకు బలము కలదు. పరకేశములను చూచి మనము నవ్వనక్కఱలేదు; చమరశబ్దభవమైన సవర మను మాట మన యిండ్లలోను కలదు గదా.

అయినను అక్కడనే ఒక చిక్కు కలదు. 1815లో కలకత్తాలో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరన్ అను నామె 1860 దశకమున ఇంగ్లండున స్త్రీలను పెక్కుసారులు విరబోసిన కురులతో పటములు తీసెను. ఆ కాలమున ఇంగ్లండున యుక్తవయస్సు వచ్చిన స్త్రీ సిగ ముడువక నలుగురిలోనికి వచ్చుట మర్యాద కాదు. ఆ పటములు కావ్యనాయికల యనుకరణములు. వానిని చూచి ఆంగ్లస్త్రీలు వెండ్రుకలు విరబోసికొని తిరిగిరని వ్రాయువాడు, వేణీసంహారమును చదివి హస్తినాపుర స్త్రీలెల్లరు జుట్టు ముడువకుండిరని చెప్పువానితో సమానుడు.

ఇక తెలుగుదేశపు పటములకు వత్తము. ఆంగ్లస్త్రీ తలసింగారము చాలవఱకు ఎదుటి చూపునకై నుదురు, చెంపలు, మెడ చుట్టు కూర్చబడినది. తెలుగుస్త్రీకి పాపటబిళ్ళయు సూర్యచంద్రవంకలును మాత్రమే ముందువైపున నుండును. రాగిడి, నాగరము, జడబిళ్ళలు, కుచ్చులు, గంటలు, పూలజడ: ఇవి యన్నియు వెన్నువైపు సొమ్ములు. జటాశబ్దమునకు వికృతియైన జడ, మునుల తలనుండి పడతుల వీపునకు వచ్చి ఇంతటి సంపదను కూడబెట్టుకొన్నది. కాని ఛాయాగ్రాహకుడు ముఖము నడుగును. పటము తీయుటకు పెక్కు క్షణములు పట్టు ఆ దినములలో తల కదలకుండుటకై నిలుచున్నవారి మెడవెనుక ఇనుపదండము నొకటి నిలిపెడివారు. జడ యుండవలసిన చోట ఇనుము నిలిచినది! కావుననే కొన్ని పటములలో జడ భుజముమీదుగా ఱొమ్ముపైకి తీసి యుంచబడినది. అది ఆచారము కాదు, ఛాయాగ్రాహకుని యాజ్ఞ. తరువాతికాలమున పెండ్లికూతురి వెనుక అద్దము నిలిపి పూలజడను చూపిన చిత్రశాలలవారు ఈ లోపమును గుర్తించిన విమర్శకులే యని నా తలంపు.

మన సీమ శిల్పులును నటులును ఈ లోపమునకు లోబడలేదు. అమరావతీశిల్పమున వెన్నుచూపి కూర్చున్న స్త్రీమూర్తులు కలవు. దివిసీమ ఘంటసాలలో దొరికిన శిల్పములును ఆ శైలికి చేరినవే. మచిలీపట్టణమునకు చేరువనున్న కూచిపూడి భాగవతుల సంప్రదాయమున, భామాకలాపమునందు సత్యభామ ముఖము చూపుటకు మున్నే జడను తెఱమీదుగా వ్రేలవైచును. ఆ పాత్రను తరతరములుగా పురుషులే ధరించిరి. వేదాంతము సత్యనారాయణశర్మగారు (1935-2012) అందు ప్రసిద్ధులు. ఆ జడ కట్టుడు జడయే. అయినను సభలోనివారు దానిని సత్యభామ యభిమానముగా గ్రహింతురు. అచట వస్తువు కృత్రిమమైనను అర్థము నిలిచినది. పటమున వస్తువు యథార్థమైనను అర్థము జాఱినది.

వస్త్రవిషయమున పటము సత్యమే పలుకును గదా యందురేమో. అదియు సరికాదు. ఆనాటి గాజుపలకలు నీలవర్ణమునకు త్వరగా స్పందించును. ఎఱుపు పసుపులను దాదాపు గ్రహింపవు. అందువలన నీలము తెలుపునకు చేరువగను, ఎఱుపు నలుపుగను కనబడును. చిరివేరు ఎఱుపునకు పేరుగాంచిన మచిలీపట్టణపు అద్దకము పటమున నల్లగుడ్డ. నుదుటి కుంకుమ నల్లచుక్క. నల్లని కొప్పున ముడిచిన పసుపుచేమంతి కనబడనే కనబడదు. మల్లె మాత్రము వెలుగును. సూత్రకారుడు నీలీ నీలా యని వేఱుపఱచిన దానిని పటము తెల్లచీరగా మార్చివైచినది.

మఱియు పటమున కెక్కినవా రెవ్వరు? 1892లో హైదరాబాదున లాలా దీనదయాళుగారు అంతఃపురస్త్రీలకై ప్రత్యేకముగా చిత్రశాల నెలకొల్పి, దాని నొక ఆంగ్లస్త్రీ యధీనమున నుంచిరి. అట్టి వసతి యెందఱికి లభించును? 1861లో భర్త గతించిన పిదప విక్టోరియారాణి నల్లని వస్త్రములతోను వైధవ్యసూచకమగు తెల్లటోపీతోను పటములందు కానవచ్చును. ఆ చిహ్నమును ఎల్లరును చదువగలరు. ఆ కాలమునందే మన బ్రాహ్మణగృహములలో వితంతువునకు శిరోముండనము చేయించెడివారు. తలపై చెఱగు కప్పెడివారు. పటమున కనబడునది చెఱగు మాత్రమే. దానిని చూచి ముసుగు ఆనాటి వేషవిశేషమని వ్రాయువాడు ఒక దుఃఖమును అలంకారముగా లెక్కించినవా డగును. సీమంతమునకు సీమాంతమునకు గల మాత్రాభేద మిట నెంత దారుణమైనదో చదువరులు గమనింతురు గాక.

కావున ఛాయాపటములను త్రోసివేయవలె ననుట నా మతము కాదు. కాలనిర్ణయమునకు వానిని వాడుడు. అర్థనిర్ణయమునకు మాత్రము మూడు ప్రశ్నలు వేసి కాని యంగీకరింపకుడు: ఈ కేశవేశము ఇంటిదా, చిత్రశాలదా? ఈ నలుపు నిజముగా నలుపా? ఈ పటమున కానరాని వెనుకభాగమున నేమున్నది?

మూడవ ప్రశ్నకు సమాధానము పలకలలో లేదు. ముదుసళ్ళ నోళ్ళలోను కంసాలుల దుకాణములలోను ఉన్నది. మన నిఘంటువులు ఇట్టి సొమ్ముల కడ తఱచు ఆభరణవిశేషమని చెప్పి యూరకుండును. 1864 నవంబరు 1న ఉప్పెన మచిలీపట్టణమున రమారమి ముప్పదివేల మందిని పొట్టన బెట్టుకొన్నది. 1977 నవంబరు 19న మరల దివిసీమను ముంచినది. మనుష్యులే మిగులని యిండ్లలో పెట్టెలును పటములును మిగులునా? కావున బందరు, గుడివాడ, దివిసీమల యుపాధ్యాయులు తమ తమ గ్రామములలో జడకును కొప్పునకును చెందిన మాటలను, ఆ సొమ్ము తలపై నెచ్చట నుండునో దానితో గూడ, వ్రాసి యుంచవలయును. పేరు మాత్రము వ్రాసినచో మరల విశేషమే మిగులును. స్థానము వ్రాసినచో అర్థము నిలుచును.