బియ్యపుగింజంత మేకు

శనివారం పొద్దున్నే గరాజ్ నేల మీద బోర్లా పడుకుని, ఫోన్ లైటు పట్టుకుని వెతుకుతున్నాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"ఏం పోయిందండీ?"

"స్ప్రింగు. దాంతోపాటు చిన్న మేకు."

"ఎంతుంటుంది?"

"బియ్యపుగింజంత."

ఆమె ఇంకేం అడగలేదు. చీపురు తెచ్చి ఇచ్చి వెళ్లిపోయింది.

టెక్సాస్‌కు వచ్చిన కొత్తలో నేను తుపాకీ ముట్టుకునే ప్రశ్నే లేదు. హెచ్‌1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్నే. గ్రీన్‌కార్డు వచ్చాక పక్కింటి పెద్దాయన, మాజీ సైనికుడు, ఒకసారి షూటింగ్ రేంజికి తీసుకెళ్లాడు. అలా మొదలైంది. మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద జైలుకే. ఇక్కడేమో విడిభాగాలు తెచ్చి ఇంట్లో రైఫిల్ బిగించుకోవడం శనాదివారాల కాలక్షేపం.

నేను బిగిస్తున్నది ఏఆర్-15. 'ఏఆర్' అంటే అసాల్ట్ రైఫిల్ అనుకునేవాణ్ణి. కాదు, 1950ల్లో ఈ నమూనా పుట్టిన ఆర్మలైట్ కంపెనీ పేరులోని అక్షరాలు. చట్టం దృష్టిలో తుపాకీ అంటే బ్యారెల్ కాదు, ట్రిగ్గర్ కాదు. సీరియల్ నంబరు ఉండే కింది చట్రం, అంటే లోయర్ రిసీవర్. దాన్ని డీలరు దగ్గర ఫారం 4473 నింపి, నేర చరిత్ర తనిఖీ అయ్యాకే తెచ్చుకున్నాను. పిన్నులూ స్ప్రింగులూ మాత్రం చిన్న సంచిలో పోస్టులో వచ్చాయి.

ఆ సంచిలోవే నన్ను నేలకు దించాయి. రైఫిల్ పై సగాన్నీ కింది సగాన్నీ ముందువైపు కలిపే పైవట్ పిన్ను ఊడిపోకుండా ఓ చిన్న మేకు ఆపుతుంది. దాని వెనక స్ప్రింగు. నొక్కిపెట్టిన వేలు జారిందా, రెండూ ఎగిరి గరాజ్‌లో ఏదో మూలకు చేరతాయి. ఈ పని చేసేవాళ్లు ముందే ఒకటో రెండో అదనంగా కొనిపెట్టుకుంటారు. నేను కొనలేదు.

చిన్నప్పుడు అమ్మ కుట్టుమిషన్ బాబిన్ కేసు స్క్రూ నా చేతిలో జారి పెంకుల సందులో పడిపోయింది. పండక్కి కుట్టాల్సిన జాకెట్లన్నీ ఆగిపోయాయి. అమ్మ తిట్టలేదు. "విప్పేముందు కింద తెల్లగుడ్డ పరవాలిరా" అంది, అంతే. నలభై ఏళ్లయినా ఆ గుడ్డ పరవడం నాకు రాలేదు.

స్ప్రింగూ మేకూ చెప్పుల స్టాండు కింద దొరికాయి. ఈసారి తెల్ల తువ్వాలు పరిచి, రిసీవర్‌ను పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు లోపలికి దూర్చి బిగించాను. ఎగిరినా సంచిలోనే పడుతుంది.

చివర్లో సేఫ్టీ. ఆ మీట ఉన్నచోట నిలిచేది ఇంకో మేకు, ఇంకో స్ప్రింగు వల్ల. ఆ స్ప్రింగును పైకి నొక్కి ఉంచేది పిడి. దానికి ఒక్క స్క్రూ. ఆ స్క్రూ తిప్పుతుంటే ఉవాల్డే గుర్తొచ్చింది. 2022 మేలో, ఇదే టెక్సాస్‌లో, ఇదే తరహా రైఫిల్‌తో ఓ కుర్రాడు బడిలోకి వెళ్లి 19 మంది పిల్లల్నీ ఇద్దరు టీచర్లనీ చంపాడు. అక్కడ ఏ స్ప్రింగూ విరగలేదు. వాడి చేతిలో యంత్రం బాగానే పనిచేసింది. నేను చేతులు కడుక్కుని వచ్చి, స్క్రూ పూర్తిగా బిగించే ముందు, తాళం వేసే పెట్టె ఆర్డరు పెట్టాను.

మీట 'సేఫ్' మీదికి తిప్పితే టక్కుమంది. మా ఆవిడ మళ్లీ తొంగిచూసింది.

"ఇప్పుడిది పేలుతుందా?"

"పై సగం ఇంకా కొననేలేదు. ప్రస్తుతానికి దీనికి ఆగడమొక్కటే వచ్చు."

"అయితే అక్కడితో చాలు" అని, చీపురు తీసుకుని లోపలికి వెళ్లింది.